స్నేహకి అత్తయ్య ఉత్తరం: వాషింగ్టన్ బస్సు ఎక్కేముందు

స్నేహా,

నువ్వు స్కూల్లో ప్రో-లైఫ్ క్లబ్, అదే అబార్షన్ వద్దనే వాళ్ళ క్లబ్, పెడుతున్నావట, జనవరిలో మీ చర్చివాళ్ళ బస్సులో, ఆ పక్షం వాళ్ళ పెద్ద ఊరేగింపు మార్చ్ ఫర్ లైఫ్‌కి వాషింగ్టన్ వెళ్తున్నావట. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. "ఏదో సరదా పడుతోంది అక్కా" అన్నాడు. సరదా ఏంట్రా? పురుళ్ళ వార్డులో నర్సుగా జుట్టు నెరిసిన దాన్ని, నాకు ఎంత గర్వంగా అనిపించిందో వాడికేం తెలుసు. గర్వం ఒక నిమిషం, తర్వాత రాత్రంతా టెన్షన్. తెలుగు చదవడం నీకు ఇంకా కష్టమే కాబట్టి ఇది వాడే చదివి వినిపిస్తాడు. తమ్ముడూ, నిన్ను తిట్టిన చోట్ల మింగెయ్యకుండా చదువు.

బట్టల సంగతి ఒక్క మాటలో చెప్తాను: రెండు జతల ఉన్ని సాక్సులు, ఫ్యాషన్ బూట్లు వద్దు.

తిండి మాత్రం రెండు పూటలకి ఎక్కువే పెట్టుకో. 2016లో మార్చ్ నుంచి తిరిగొస్తున్న పిల్లల బస్సులు మంచు తుఫానుకి పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద రాత్రంతా ఇరుక్కుపోయాయి. పిల్లలు రోడ్డు పక్కన మంచుతోనే బలిపీఠం కడితే ఫాదర్లు పూజ చేశారు. ఆ ఫొటో చూసి లోకమంతా మురిసిపోయింది, నాకేమో వాళ్ళు ఏం తిన్నారో అన్న బెంగే. ఒహాయో నుంచి మీరు వచ్చేదీ దాదాపు ఆ దారే. పులిహోర చెయ్యమను, పాడవదు.

క్లబ్‌కి మీ ప్రిన్సిపాల్ నసుగుతున్నాడన్నావు. పోట్లాడకు. 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం ఉంది. పబ్లిక్ హైస్కూల్లో చెస్ క్లబ్బులాంటి, పాఠాలతో సంబంధం లేని క్లబ్ ఒక్కటి ఉన్నా, మీ మాటలు నచ్చలేదని మీ క్లబ్ కాదనడానికి లేదు. ఆ చట్టం పేరు రాసి మర్యాదగా అర్జీ పెట్టు. కానీ ఇది కూడా విను, ఆ చట్టమే రేపు అవతలి పక్షం పిల్లలకీ క్లబ్ ఇస్తుంది. అప్పుడు ముఖం మాడ్చుకోకు.

ఇక నా అసలు భయం. నువ్వు ఇంకా హెచ్-4 మీద, అంటే మీ నాన్న ఉద్యోగ వీసా మీద ఆధారపడ్డ వీసా మీద ఉన్నావు. మీ నాన్న గ్రీన్ కార్డు ఏ క్యూలో ఉందో మనందరికీ తెలుసు. మాట్లాడే హక్కు నీకూ ఉంది, కాదనను, కానీ అరెస్టు అన్న మాట ఒకసారి ఫైల్లోకి ఎక్కితే వీసా రెన్యూవల్ ప్రతిసారీ దానికి జవాబు చెప్పుకుంటూ ఉండాలి. మీ ఫ్రెండ్ ఇక్కడ పుట్టిన పిల్ల, తను చేసింది నువ్వు చెయ్యకూడదు. అన్యాయమే, ఒప్పుకుంటాను. సుప్రీంకోర్టు ముందు పాలరాతి ప్లాజా మీద ప్లకార్డు పట్టుకుని నిలబడడం నేరం, కింద ఫుట్‌పాత్ మీద ఫరవాలేదు. ఉత్సాహంలో ఎవరైనా మెట్లెక్కితే నువ్వు కిందే ఆగు. ఎవరైనా "కూర్చుందాం, పోలీసులు ఏం చేస్తారో చూద్దాం" అన్నారంటే నువ్వు బాత్రూంకి వెళ్ళాల్సిన టైమ్ అయిందన్న మాట. తమ్ముడూ, ఈ పేరా రెండుసార్లు చదువు.

కెమెరా ఇంకో గండం. 2019లో మార్చ్ అయ్యాక లింకన్ మెమోరియల్ దగ్గర బస్సుల కోసం ఎదురు చూస్తున్న హైస్కూలు పిల్లల వీడియో ముక్కొకటి దేశమంతా తిరిగింది. ట్రంప్ పక్షం ఎర్ర టోపీ పెట్టుకుని, డప్పు కొడుతున్న ఒక నేటివ్ అమెరికన్ పెద్దాయన ఎదుట నవ్వుతూ నిలబడ్డ పదహారేళ్ళ కుర్రాడి ముఖం రాత్రికి రాత్రే ప్రతి ఇంట్లో. తర్వాత పూర్తి వీడియోలు వచ్చి, అంతకుముందు ఏం జరిగిందో బయటపడి, ఆ అబ్బాయి దావాలు వేసి, సీఎన్ఎన్ లాంటి వాళ్ళు రాజీ పడ్డారనుకో. అయితే మాత్రం, ఆ వయసులో ఆ నరకం ఎవరికి కావాలి? ఏ పార్టీ టోపీ నెత్తిన పెట్టకు. బస్సు కోసం ఆగినప్పుడు టీచర్ పక్కనే ఉండు, ఎవరు రెచ్చగొట్టినా నవ్వకు, జవాబివ్వకు, ఫోన్ పైకెత్తకు.

ఇప్పుడు ఒక పాత గొడవ చెప్పాలి. ఇది మీ నాన్నకి కూడా తెలీదు. తొంభైల్లో ఇక్కడ న్యూజెర్సీలో మా చర్చి నుంచి కొందరం శనివారాలు ఒక అబార్షన్ క్లినిక్ ఎదుట ఫుట్‌పాత్ మీద జపమాల చెప్పుకునేవాళ్ళం. మా గుంపులో ఒక పెద్దాయన తలుపంత బోర్డు తెచ్చేవాడు, దాని మీద రక్తంతో తడిసిన బొమ్మ, నీకు వర్ణించి చెప్పను. "చూస్తే మనసు మారుతుంది" అనేవాడు. చలికాలం పొద్దున్నే ఒక నీలం కారు లోపలికి తిరగబోతుంటే ఆయన దానికి అడ్డంగా వంగి, బోర్డు అద్దానికి ఆనించినంత పని చేసి, "నీ బిడ్డని చంపకు" అని అరిచాడు. వెనక సీట్లో రెండేళ్ళ పిల్లాడు. చేతిలో చీరియోస్ డబ్బా. నోట్లో వేసుకోబోయినవాడు వేసుకోకుండా ఆ బొమ్మ వంకే చూస్తున్నాడు. ఆమె అద్దం దించింది. ఏడవలేదు, తిట్టలేదు. కడుపులో బిడ్డ చనిపోయి వారం అయిందనీ, తీయించుకోవడానికి వచ్చాననీ, పిల్లాణ్ణి వదలడానికి ఇంట్లో ఎవరూ లేరనీ ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన బోర్డు దించలేదు. "అందరూ అలాగే చెప్తారు" అన్నాడు. నేను వార్డులో అలాంటి తల్లుల్ని ఎంతమందిని చూశానో! చనిపోయిన బిడ్డని తీసే పద్ధతీ అబార్షన్ పద్ధతే, చేసే చోటూ చాలాసార్లు ఆ క్లినిక్కే. మన దగ్గర ఈ ముక్క ఎవరూ నేర్పరు. తర్వాత మా గుంపులో పెద్ద రభస, ఫాదర్ గారే కలగజేసుకుని బొమ్మల బోర్డులు మాన్పిస్తే రెండు కుటుంబాలు గుంపే మానేశాయి. నన్ను "మెత్తనిది" అన్నారు. అనుకోనీ.

అందుకే అంటున్నా, బొమ్మల బోర్డు ఎవరు చేతికిచ్చినా పుచ్చుకోకు. క్లినిక్ గుమ్మానికైతే నువ్వు ఇప్పుడే వెళ్ళొద్దు. అక్కడ దారికి అడ్డం పడితే 1994 చట్టం కింద ఫెడరల్ కేసు అవుతుంది. అదొక్కటే కాదు, పదిహేనేళ్ళ పిల్లకి అక్కడ ఎదురయ్యే ప్రశ్నలకి జవాబుండదు, నాకే ఉండేది కాదు.

అబార్షన్‌ని దేశమంతా హక్కు చేసిన రో తీర్పు 2022లో పోయింది కదా, ఇంకా మార్చ్ ఎందుకని క్లాసులో ఎవరో అడిగారట. మీ ఒహాయోనే చూడు, 2023 నవంబరులో అబార్షన్ హక్కుని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చడానికి నూటికి 57 మంది దాకా ఓటేశారు. అంటే నీ పక్క బెంచీ పిల్ల అమ్మ, మీ లెక్కల టీచర్, ఎదురింటి ఆంటీ. వాళ్ళు రాక్షసులు కారు. క్లబ్‌లో మొదటి పని డైపర్లు పోగుచెయ్యడం పెట్టుకో. మీ ఊళ్ళో గర్భిణులకి సాయం చేసే ప్రెగ్నెన్సీ సెంటర్ ఉంటే వాళ్ళకేం కావాలో అడుగు. మీ స్కూల్లోనే ఒక పిల్ల కడుపుతో ఉందని తెలిస్తే, ఆ పిల్లతో కూర్చుని లంచ్ తినే మొదటి మనిషివి నువ్వే కావాలి. అది చెయ్యలేకపోతే క్లబ్ మానెయ్, నేనే మాన్పిస్తా.

కోపంగా రాశానా? నువ్వు పుట్టినప్పుడు ఒళ్ళోకి తీసుకున్న మొదటి చేతులు నావే, ఆ చొరవతో రాశాను. మార్చ్ రోజు సాయంత్రం బస్సెక్కగానే ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్. తమ్ముడూ, ఖర్చులకి డబ్బు పంపాను, అది దానికే ఇవ్వు.

మీ అత్తయ్య