సోర్స్ కోడ్ లేదు, ఈఎక్స్‌ఈ ఫైలే ఉంది

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో మాది మిర్చి అడ్తి దుకాణం. బిల్లింగ్ ప్రోగ్రాం రాసినబ్బాయి సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) ఇవ్వకుండానే దుబాయ్ వెళ్లిపోయాడు. బిల్లు మీద పాత ఫోన్ నంబరే పడుతోంది. మార్చొచ్చా సార్?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మార్చొచ్చు, టెన్షన్ పడకండి. ముందు ఈఎక్స్‌ఈ ఫైలును, అంటే మీరు రోజూ నడిపే ప్రోగ్రాం ఫైలును, కాపీ చేసి, ఆ కాపీ మీదే చెయ్యి పెట్టండి. హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని ఒక్కో బైటును, అంటే ఒక్కో చిన్న ముక్కను, చూపించి దిద్దనిచ్చే సాఫ్ట్‌వేర్) తెరిచి పాత నంబరు వెతకండి. దొరక్కపోతే యూనికోడ్‌గా (అక్షరాలను దాచే మరో పద్ధతి) వెతకండి. అందులో ఒక్కో అంకెకు రెండు బైట్లు: 9 అంటే 39 00. పాత అంకెల మీదే కొత్తవి దిద్దాలి. ఒక్క బైటు మధ్యలో ఇరికించినా వెనకున్నవన్నీ జరిగి ప్రోగ్రాం మొరాయిస్తుంది. పది అంకెల చోట పది అంకెలే కాబట్టి మీకా గొడవ లేదు.

రేపు కమీషన్ లెక్క కూడా మార్చాలంటారేమో, అది వేరే కథ! ఇంటెల్ ప్రాసెసర్‌కిచ్చే కోడ్‌లో 75 అంటే ‘సమానం కాకపోతే అటు వెళ్లు’, 74 అంటే ‘సమానమైతే అటు వెళ్లు’; కాబట్టి 75ను 74 చేస్తే షరతు తిరగబడుతుంది. కానీ ఫైలు నిండా ఉన్న 75లలో మీది ఏదో డీబగ్గర్ (ప్రోగ్రాంను అడుగడుగునా ఆపి చూపించే సాఫ్ట్‌వేర్) పట్టకుండా తేలదు. నన్నడిగితే ఆ పనికి కొత్త ప్రోగ్రాం రాయించుకోవడమే చవక.