డబ్బు ఇచ్చేదాకా కస్టమర్ కారును నా గ్యారేజ్‌లోనే ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. కాలిఫోర్నియాలో హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పాత అమెరికన్ కార్లంటే నాకు ప్రాణం. ఇంటి గ్యారేజ్‌లోనే శని, ఆదివారాల్లో పని చేస్తుంటాను. తెలిసినాయన ఒకరు తన 1970 షెవర్లే షెవెల్ మాలిబూను తెచ్చి, పూర్తిగా బాగుచేసి 454 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజిన్‌తో ‘ఎస్ఎస్’లా (సూపర్ స్పోర్ట్, అంటే ఆ కారులో స్పోర్ట్స్ రకం) తయారుచేయమన్నారు. అంతా నోటిమాటే. 15 వేల డాలర్లు అడ్వాన్స్ ఇచ్చారు. పార్టులు, పెయింట్, నా కష్టం కలిపి ఇంకా 11 వేలు రావాలి. ఇప్పుడేమో ఇంజిన్ మీద కారు నంబర్‌కు (ప్లేటు మీదిది కాదు, ఫ్యాక్టరీ వేసే వీఐఎన్‌కు) సరిపోయే నంబర్ కొడితేనే మిగతా డబ్బు ఇస్తానంటున్నారు. బాకీ తీరేదాకా కారు ఇవ్వకుండా ఉంచుకోవచ్చా?

జవాబు: ముందు నంబర్ సంగతి. ఎంత డబ్బు ఇస్తానన్నా ఆ పని చేయకండి. 1970లో ఎస్ఎస్ అనేది షెవెల్ మీద తీసుకునే ఆప్షన్ ప్యాకేజీ. కారు నంబర్ చూస్తే అది ఎస్ఎస్ అవునో కాదో తెలియదు. అందుకే కొనేవాళ్లు ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ (కారు తయారైనప్పుడు ఏమేం బిగించారో రాసిన కాగితం) అడుగుతారు, ఇంజిన్ బ్లాక్ మీద కొట్టిన నంబర్ కారు నంబర్‌తో కలుస్తుందో లేదో చూస్తారు. అక్కడ దొంగ నంబర్ పడిందంటే మామూలు మాలిబూ అసలు ఎస్ఎస్‌గా చలామణి అవుతుంది. రేపు దాన్ని కొన్న మనిషి మోసపోతాడు. ఇంజిన్ నంబర్లు మార్చడం, కొత్తవి కొట్టడం కాలిఫోర్నియా వెహికల్ కోడ్ సెక్షన్ 10750 కింద నేరం. కొట్టేది మీ చేయి కాబట్టి కేసు మొదట మీ మీదికే వస్తుంది. మాలిబూను ఎస్ఎస్‌లా తయారుచేయడంలో తప్పు లేదు, దాన్ని అసలుదని చెప్పడమే తప్పు. ‘ఇది 454 ఇంజిన్ వేసిన మాలిబూ, ఫ్యాక్టరీ ఎస్ఎస్ కాదు, నంబర్ కొట్టను’ అని ఆయనకు ఈరోజే ఈమెయిల్ పెట్టండి.

ఇక కారు పట్టి ఉంచడం. పని చేసిన మెకానిక్‌కు తన డబ్బు వచ్చేదాకా బండిని తన దగ్గరే ఉంచుకునే హక్కు కాలిఫోర్నియా చట్టంలో ఉంది. దాన్ని లీన్ అంటారు. అయితే డబ్బు తీసుకుని కార్లు బాగుచేసే వ్యాపారం చేసేవాళ్లు రాష్ట్ర ప్రభుత్వ బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. చేసుకోనివాళ్లకు బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ సెక్షన్ 9884.16 ప్రకారం లీన్ ఉండదు, కారును ఉంచినందుకు అద్దె అడగడానికి లేదు, రిపేరు ఒప్పందం మీద కోర్టులో దావా వేసే హక్కు కూడా లేదు. అద్దె షెడ్డా, ఇంటి గ్యారేజా అన్న తేడా ఏమీ లేదు.

‘ఒక్క కారే కదా, ఇది వ్యాపారం ఎలా అవుతుంది?’ అని మీరు వాదించవచ్చు. కానీ 26 వేల డాలర్ల పని చేసి ఆ మాట నిలబెట్టడం కష్టం. ఆ వాదనను నమ్ముకుని కారు ఆపితే, తన ఆస్తిని అక్రమంగా పట్టుకున్నారని ఆయనే మీ మీద దావా వేసి కారు విలువ మొత్తం అడగవచ్చు. కాబట్టి కారు ఇచ్చేయండి. మీ కష్టం తెలిసే చెబుతున్నాను. ఇచ్చే ముందు అన్ని వైపులా ఫొటోలు తీసి, ఏ స్థితిలో అప్పగించారో కాగితం మీద రాసి ఆయన సంతకం తీసుకోండి. బిగించిన పార్టులు ఊడదీయకండి. మీ సొంత డబ్బుతో కొని, ఇంకా బిగించనివి మాత్రం మీవే.

మరి 11 వేలు? రాతపూర్వక ఎస్టిమేట్ ముందే ఇవ్వాలని, ఖర్చు పెరిగితే కస్టమర్ ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లాలని కూడా ఆ చట్టం చెబుతుంది. మీ దగ్గర ఎస్టిమేట్ లేదు. ఇక మిగిలింది రాజీ. పార్టుల బిల్లులు, ‘454 వేయండి’ అని ఆయన పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు ముందు పెట్టి, కనీసం పార్టుల ఖర్చయినా ఇవ్వమనండి. ఎంతకు కుదిరినా, ఇకపై ఒకరి మీద ఒకరికి ఏ క్లెయిమూ లేదని ఇద్దరూ సంతకాలు చేయాలి.

మీరు అడగకపోయినా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ వీసా. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, ఆ వీసాకు పిటిషన్ వేసిన కంపెనీకే పనిచేయాలి. సెలవు రోజున చేసినా సరే, డబ్బు తీసుకుని వేరేవాళ్ల కారు బాగుచేయడం అనుమతి లేని పనే. సొంత కారు మీద సరదాగా పని చేసుకుంటే ఇబ్బంది లేదు. ఇలాంటి సందర్భాల్లో మనవాళ్లు ‘భార్యకు హెచ్-4 ఇఏడీ (హెచ్-1బి వాళ్ల భార్య లేదా భర్తకు ఇచ్చే పని అనుమతి) ఉంది, వ్యాపారం ఆమె పేరున పెడతాను’ అంటుంటారు. ఆమె వ్యాపారం చేయవచ్చు. స్పానర్ పట్టేది మీరే అయితే సమస్య అలాగే ఉంటుంది.

ఉద్యోగం ఆధారంగా గ్రీన్ కార్డు అడిగేవాళ్లకు, చివరిసారి చట్టబద్ధంగా దేశంలోకి వచ్చిన తర్వాత ఇలాంటి ఉల్లంఘనలు అన్నీ కలిపి 180 రోజులు మించకపోతే, అవి గ్రీన్ కార్డుకు అడ్డు రాకుండా చట్టంలో ఒక మినహాయింపు ఉంది. రెండు గంటలు చేసినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. వారాంతాలే కదా అని మీకు మీరే లెక్క వేసుకోకండి, ఆ పని ఇమిగ్రేషన్ లాయర్ చేయాలి. వచ్చిన ఆదాయాన్ని టాక్స్‌లో చూపించక తప్పదు. ఎలా చూపించాలో కూడా ఆయన్నే అడగండి. ఫారాల్లో అబద్ధం రాస్తే ఇప్పుడున్న చిక్కు పదింతలవుతుంది.

స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో వ్యక్తులు 12,500 డాలర్ల వరకు అడగవచ్చని, లాయర్ అక్కర్లేదని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది నిజమే. కానీ అక్కడ మీరు సంతకం చేసే కాగితంలో ‘డబ్బు కోసం నేను ఈ పని చేశాను’ అని మీరే రాసి ఇచ్చినట్టవుతుంది. ఇమిగ్రేషన్ లాయర్‌ను కలిసేదాకా కోర్టుకు వెళ్లకండి, రాజీపత్రం మీదా సంతకం పెట్టకండి. వెళ్లేటప్పుడు ఆ 15 వేలు అందిన బ్యాంకు స్టేట్‌మెంటు, పని మొదలుపెట్టిన తేదీ తెలిపే మెసేజ్‌లు, చివరిసారి దేశంలోకి వచ్చినప్పటి ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) దగ్గర పెట్టుకోండి.