మా తమ్ముడు ఫార్మా ప్లాంటులో చేస్తాడు. రోజూ బెల్లం తింటే కెమికల్ విరుగుతుందా? శరీరం తనను తాను ఎలా కాపాడుకుంటుంది?

విరగదు. బెల్లం మీద నాకు కోపమేమీ లేదు, నైట్ షిఫ్టులో నేనూ తిన్నాను. కానీ ఊపిరితిత్తుల్లోంచి నేరుగా రక్తంలో కలిసే సాల్వెంట్ (మందు తయారీలో వాడే ద్రావకం) ఆవిరిని కడుపులోకి వెళ్లిన బెల్లం ముక్క ఎలా ఆపుతుంది?

మీ రెండో ప్రశ్నే అసలైనది. కాపలా పని ఎక్కువగా కాలేయ కణాలది. సైటోక్రోమ్ పి450 ఎంజైములు రసాయనం రూపు మారుస్తాయి, దానికి గ్లూటాథయోన్ అనే, కణాల్లోనే తయారయ్యే రక్షక పదార్థం అతుక్కుంటుంది, తర్వాత అది మూత్రంలోనో పిత్తంలోనో బయటికి పోతుంది. విషం తాకిడి పెరిగితే కీప్1 అనే ప్రొటీన్ పట్టు సడలించి ఎన్ఆర్ఎఫ్2 అనే మరో ప్రొటీన్‌ను కణ కేంద్రకంలోకి వదులుతుంది, దాంతో గ్లూటాథయోన్ తయారీ ఊపందుకుంటుంది. కానీ నన్నడిగితే ఈ ఏర్పాటంతా ఆకులు అలముల్లోని చేదును తట్టుకోవడానికి వచ్చింది, ఎండీసీ లాంటి సాల్వెంట్ డ్రమ్ముల కోసం కాదు.

ఎండీసీ, అంటే మిథిలీన్ డైక్లోరైడ్, మీ తమ్ముడికి బాగా తెలిసే ఉంటుంది. 40 డిగ్రీలకే మరిగిపోతుంది. పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ ప్లాంటులో నేను షిఫ్ట్ కెమిస్టుగా ఉన్నప్పుడు, మే నెల మధ్యాహ్నం, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక కుర్రాడు సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి సాల్వెంట్‌ను వేరుచేసే యంత్రం) మూత తీసి, నడుం దాకా లోపలికి వంగి, ఎండీసీతో తడిసిన మందు ముద్దను స్కూపుతో డ్రముల్లోకి ఎత్తుతున్నాడు. ముఖానికి గుడ్డ మాస్కు. ఆవిరిని బయటికి లాగే ఎగ్జాస్ట్ డక్టు ఊడి గోడకు ఆనించి ఉంది. కాసేపటికి తల దిమ్ముగా ఉందన్నాడు, మజ్జిగ ఇచ్చారు. రూముకెళ్లాక తలనొప్పి తగ్గకపోగా పెరిగింది. క్లినిక్కులో వేలికి క్లిప్పు పెట్టి, ఆక్సిజన్ 98 ఉంది, ఇది గ్యాస్ట్రిక్ అని మాత్ర రాసిచ్చారు!

అక్కడే నాకు ఒళ్లు మండింది. ఎండీసీని పి450 ఎంజైములు కార్బన్ మోనాక్సైడుగా, అంటే రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించే విషవాయువుగా మారుస్తాయి. ఈ సంగతి 1972లోనే బయటపడింది. గ్లూటాథయోన్ దారిలో వెళ్తే మధ్యలో ఫార్మాల్డిహైడ్ అనే మరో విషం పుడుతుంది. కాపలావాడే దొంగకు తలుపు తీసినట్టన్నమాట. పైగా కొవ్వులో దాగిన ఎండీసీ మెల్లగా బయటికి వస్తుంటుంది కాబట్టి, పని దిగాక కూడా గంటల తరబడి మోనాక్సైడ్ తయారవుతూనే ఉంటుంది. వేలి క్లిప్పు దాన్ని పసిగట్టలేదు, మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ లెక్కలోనే వేసేస్తుంది.

భద్రతా వారోత్సవాలకు బ్యానర్లు కడతారు, నినాదాల పోటీ పెట్టి ప్రెషర్ కుక్కర్ బహుమతిస్తారు. ఆ డబ్బుతో ఒక డక్టు బిగించరు. బొగ్గు కార్ట్రిడ్జ్ మాస్కు కూడా ఎండీసీని ఎంతోసేపు పట్టి ఉంచలేదు, బయటి నుంచి గాలి అందించే ఎయిర్ లైన్ మాస్కు ఉండాలి. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో దీని వాడకాన్ని చాలావరకు నిషేధించింది. మనవాళ్లు ఇంకా బెల్లం పంచుతున్నారు.

తిండి సంగతి అడిగారు కాబట్టి ఒక్క మాట. ఉపవాసాలు, రోజూ మద్యం, రెండూ గ్లూటాథయోన్ నిల్వల్ని తగ్గిస్తాయి. డ్యూటీకి ముందు కడుపునిండా, పప్పో గుడ్డో ఉండేలా తినమనండి. ఎండీసీ దగ్గర పనిచేశాక తల బరువెక్కితే వెంటనే అక్కడి నుంచి బయటికి వచ్చి, పెద్దాసుపత్రికి వెళ్లి, రక్తం తీసి, మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ ఎంతుందో చూసే కార్బాక్సీహీమోగ్లోబిన్ పరీక్ష అడగమనండి. డ్యూటీ డాక్టరు విసుక్కున్నా సరే, ఎండీసీ పూర్తి పేరు చీటీ మీద రాసి చేతిలో పెట్టమనండి.