బండి ఖాళీగా, తాళంచెవి భద్రంగా

ప్రశ్న: మా తమ్ముడు, మరదలు డిసెంబరుల కరీబియన్‌లోని బొనేర్ దీవికి డైవింగ్‌కు పోతున్నరు. ఒడ్డున బండి ఆపి ఇద్దరూ ఒకేసారి సముద్రంల దిగుతరట. సాగర్ ఘాట్ కాడ మేం మునిగేటప్పుడు బట్టల కాడ ఒకరం కూసుంటం. అక్కడ సామాను ఎవరు చూస్తరు?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఎవరూ చూడరమ్మా. అక్కడ డైవింగ్ స్థలాలకు గుర్తు రోడ్డు పక్కన పేరు రాసిన పసుపు రాయి. దాని దగ్గర అద్దె పికప్ ఆగిందంటే, మనుషులు గంటదాకా తిరిగిరారని దొంగకు తెలిసిపోతుంది. అందుకే బండిలో ఏమీ ఉంచొద్దు. సీటు కింద దాచినా, టవల్ కప్పినా ముందు అక్కడే వెతుకుతారు. తలుపులకు తాళం వేయకుండా, అద్దాలు దించి, ఖాళీ అని కనిపించేలా వదలడం అక్కడి అలవాటు. లేదంటే అద్దం పగులుతుంది. అద్దె షరతులు మాత్రం ముందే చదవమనండి.

పాస్‌పోర్టులు, ఫోన్లు, కార్డులు గది లాకర్‌లోనే. అక్కడ చెల్లేది అమెరికా డాలరే. ఇరవై డాలర్లు వెంట ఉంటే చాలు.

అసలు చిక్కు తాళంచెవితో. రిమోట్ తాళంచెవి ఉప్పునీటికి పాడవుతుంది. అలాగని చక్రం మీదా, రాయి కిందా పెట్టొద్దు. నీళ్లు దూరని డబ్బాలో పెట్టి వెంట తీసుకెళ్లాలి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు, 20 మీటర్లలో మూడింతలు. వానకు ఆగే డబ్బా అక్కడ ఆగదు. డైవింగ్ లోతుకు తయారైన డబ్బానే కొనాలి. దాని మూతలోని రబ్బరు రింగును ప్రతిసారీ వేలితో తడమాలి. ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక అడ్డుపడినా నీళ్లు దూరతాయి. తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, మొదటిసారి తాళంచెవి బదులు టిష్యూ కాగితం పెట్టి లోతుకు తీసుకెళ్లి చూడాలి. కాగితం పొడిగా తిరిగొస్తేనే తాళంచెవి పెట్టాలి.

ఏదైనా పోతే వెంటనే పోలీసు ఫిర్యాదు, దాని కాపీ తీసుకోమనండి. బీమావాళ్లు ముందు అడిగేది అదే.