సౌండ్ కార్డు నంబరును నమ్ముకోవద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

అప్‌డేట్ పూర్తయి సిస్టమ్ రీబూట్ అయినప్పటి నుంచి నీ రికార్డింగ్ స్క్రిప్టుకు మైకు దొరకడం లేదనీ, స్పీకర్లలో రావలసిన శబ్దం హెచ్‌డీఎమ్‌ఐ వైపు పోతోందనీ రాశావు. లైనక్స్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ఆలోచన మానుకో. నీవు చెప్పిన లక్షణాలను బట్టి పరికరం చెడిపోలేదు, దాని నంబరు మాత్రమే మారింది.

లైనక్స్ సౌండ్ పరికరాలను ఫైళ్లుగా చూపే /డెవ్/ఎస్‌ఎన్‌డి డైరెక్టరీలోని పేర్లను నిదానంగా చదువు. పీసీఎంసీ0డీ0పీ అన్న పేరులో సీ0 అంటే సున్నా నంబరు కార్డు, డీ0 అంటే ఆ కార్డులోని సున్నా నంబరు డివైసు, చివరి పీ ప్లేబ్యాక్‌కు గుర్తు. రికార్డింగుకు సంబంధించినదైతే చివర సీ ఉంటుంది. బూట్ సమయంలో ఏ డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రాము) ముందుగా తన కార్డును నమోదు చేస్తే ఆ కార్డుకు సున్నా, తర్వాతి దానికి ఒకటి దక్కుతాయి. కొత్త కెర్నెల్‌తో, అంటే లైనక్స్ మూల భాగంతో, మాడ్యూళ్లు (డ్రైవర్లుండే కెర్నెల్ భాగాలు) లోడయ్యే వరుస మారితే, గ్రాఫిక్స్ కార్డులోని హెచ్‌డీఎమ్‌ఐ ఆడియో ముందుకు వచ్చి, నీ స్క్రిప్టు నమ్ముకున్న కార్డు వెనక్కి జరుగుతుంది.

కాబట్టి మొదట /ప్రాక్/ఎసౌండ్/కార్డ్స్ ఫైలును తెరిచి చూడు. ప్రతి కార్డు నంబరు పక్కన చదరపు బ్రాకెట్లలో దాని ఐడీ కనిపిస్తుంది. స్క్రిప్టులో హెచ్‌డబ్ల్యూ:1,0 అని ఉన్నచోట ఆ ఐడీని పెట్టి, ఉదాహరణకు హెచ్‌డబ్ల్యూ:కార్డ్=పీసీహెచ్,డెవ్=0 అని రాస్తే, వరుస ఎన్నిసార్లు మారినా అదే కార్డు తెరుచుకుంటుంది. నా దృష్టిలో అసలైన పరిష్కారం ఇదే. మాడ్యూళ్ల అమరికలుండే మోడ్‌ప్రోబ్ డాట్ డీ డైరెక్టరీ కింద ఇండెక్స్ ఆప్షన్ పెట్టి నంబర్లను బిగించే మార్గమూ ఉంది కానీ, సున్నా నంబరు కార్డు తప్ప మరొకటి తెరవలేని పాత ప్రోగ్రాములకే దానిని వాడు.

ఐడీలకూ రెండు ఇబ్బందులున్నాయి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాపులలో అప్‌డేట్ తర్వాత పాత హెచ్‌డీఏ సౌండ్ డ్రైవర్ స్థానంలో ఎస్ఓఎఫ్ అనే మరో సౌండ్ డ్రైవర్ వస్తే ఐడీయే మారిపోతుంది. అప్పుడు కొత్త ఐడీని చూసి రాసుకోక తప్పదు. ఒకే రకం యూఎస్‌బీ మైకులు రెండుంటే వాటి ఐడీలు కూడా నమోదైన వరుసను బట్టే వస్తాయి కనుక, అవి ఏ పోర్టుకు తగిలించి ఉన్నాయో దానిని బట్టి వేర్వేరు ఐడీలు ఇచ్చేలా, పరికరాలకు పేర్లు, అనుమతులు చూసే యూడెవ్‌కు ఒక నియమం రాయవలసి ఉంటుంది.

డైరెక్టరీలో సీక్, టైమర్ మాత్రమే ఉండి కార్డుకు చెందిన ఫైలేదీ లేకపోతే అది వేరే సమస్య. కార్డును కెర్నెల్ గుర్తించలేదన్నమాట. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకొని బూట్ చేసి చూడు. అందులో కార్డు కనిపిస్తే కొత్త కెర్నెల్‌కు కావలసిన మాడ్యూలో, ఫర్మ్‌వేరో లోపించి ఉంటుంది, కెర్నెల్ సందేశాలను చూపే డీమెసేజ్ (dmesg) కమాండు వరుసలలో దాని ఆచూకీ దొరుకుతుంది.

/డెవ్/డీఎస్‌పీ లేదని ఫిర్యాదు చేసే ప్రోగ్రాము సంగతి ఇంకొకటి. అది లైనక్స్ పాత సౌండ్ వ్యవస్థ ఓఎస్‌ఎస్ కాలపు ఫైలు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తోనే, ఇప్పుడు మనం చూస్తున్న /డెవ్/ఎస్‌ఎన్‌డి ఫైళ్లను ఇచ్చే ఆల్సా ప్రధాన వ్యవస్థ అయింది, ఉబుంటు 2010లో తన 10.10 విడుదలలో ఓఎస్‌ఎస్ అనుకరణను ఆపేసింది. పల్స్‌ఆడియో అనే సౌండ్ సర్వర్ ఉన్న సిస్టమ్‌లో అటువంటి ప్రోగ్రామును పీఏడీఎస్‌పీ (padsp) కమాండు ద్వారా నడిపి చూడు.

లేని ఫైలును చేత్తో సృష్టించవద్దు, ఉన్నదాని అనుమతులను అందరికీ తెరిచిపెట్టవద్దు. /డెవ్ మెమరీలో ఉండే ఫైల్ వ్యవస్థ కనుక నీవు చేసిన మార్పు రీబూట్‌తో పోతుంది, పైగా ఆ యంత్రంలోకి లాగిన్ అయ్యే ఎవరైనా నీ మైకును వినగలుగుతారు. తెర ముందు లాగిన్ అయిన వినియోగదారుకు అనుమతిని సిస్టమ్ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ తానే ఇస్తుంది. వెనుక నడిచే సర్వీసు ఖాతాను మాత్రం ఆడియో గ్రూపులో చేర్చు.

వచ్చే అప్‌డేట్‌కు ముందు ఆ కార్డ్స్ ఫైలులోని పాఠాన్ని హోం డైరెక్టరీలో ఒక కాపీ ఉంచుకో. అప్‌డేట్ తర్వాత ఆ కాపీనీ కొత్త ఫైలునూ డిఫ్ కమాండుతో పోల్చితే ఏది మారిందో వెంటనే తెలుస్తుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న