కడిగే ముందు చూడు

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

పాత గాజు ఫ్లవర్ వాజులు కొని, ఏ కాలానివో తేల్చి అమ్ముతానన్నావట, పెదవాల్తేరులో కొట్టు కూడా చూశావట. మీ అమ్మ చెబుతుంటే ఛాతీ ఉప్పొంగింది. రాత్రి పడుకున్నాక భయమేసింది. అందుకే ఈ ఉత్తరం.

వాజు చేతికి రాగానే పూలబొమ్మలు చూసి మురిసిపోకు. తిరగేసి అడుగు చూడు. మూతి దిద్దేటప్పుడు ఊదిన గాజుకు అడుగున ఇనప కడ్డీ అతికిస్తారు. అది విరిచిన చోట గరుకు మచ్చ మిగులుతుంది, లేదా సానబట్టిన నున్నని గుంట ఉంటుంది. ఇప్పటికీ అలా చేసేవాళ్లున్నారు కాబట్టి మచ్చ ఒక్కటే సాక్ష్యం కాదు. అరుగుదల కూడా చూడు. ఏళ్ల తరబడి బల్ల మీద జరిగిన వాజుకు, ఆనే అంచు మీదే, అడ్డదిడ్డంగా గీతలుంటాయి. ఒకే వైపు గీతలుండి, బల్లకు ఆనని గుంటలో కూడా కనిపిస్తే అది గరుకు కాగితం పని.

అడుగున చెకోస్లొవాకియా అని ఉంటే 1918కి ముందుది కాదు, ఆ దేశం పుట్టిందే అప్పుడు, అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టినా సరే. ఫ్రాన్సులో పేరుమోసిన గాజు కళాకారుడు ఎమిల్ గాలె 1904లో పోయాడు. ఆయన సంతకం పక్కన నక్షత్రం ఉంటే ఆయన పోయాక కార్ఖానాలో చేసింది. రుమేనియాలో చేసిన ఆయన వాజుల నకళ్ల మీద ‘టిప్’, అంటే ఆ తరహాది, అనే మాట ఉంటుంది. దాన్ని అరగదీసి అమ్ముతారు, కాబట్టి సంతకం చుట్టూ పది రెట్ల లెన్సుతో వెతుకు. అల్ట్రావయొలెట్ టార్చి కింద పచ్చగా వెలిగితే యురేనియం కలిపిన గాజు కావచ్చు. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాలో 1830ల నుంచీ చేశారు, ఇప్పుడూ చేస్తున్నారు, వెలుగు వయసు చెప్పదు. ఒక వాజు మీద కనిపించే గుర్తుల్లో అన్నిటికంటే కొత్తదేదో దాన్నే నమ్ము.

ఇక అసలు సంగతి. దుమ్ముగా ఉందని కడగొద్దు. నేను ఒక మంచి జతను అలాగే పాడుచేశాను. పైన రంగు రెండు రకాలుగా వేస్తారు. గాజు పొడిలో రంగు కలిపి పూసి, దాదాపు 500, 600 డిగ్రీల కొలిమిలో కాలిస్తే అది గాజుకు కరిగి పట్టేస్తుంది. అదే ఎనామిల్, గోటికి మిట్టగా తగులుతుంది. రెండోది కాల్చని రంగు, ఊరికే పైన ఆరింది. ఒకే వాజు మీద పూలు కాల్చినవీ, ఆకులు కాల్చనివీ ఉండొచ్చు. పూలు గట్టిగా తగిలాయి కదా అని సబ్బునీళ్లలో ముంచితే ఆకులు పోతాయి. అంచు బంగారం పొర మహా పల్చన, పీచు తగిలితే చాలు. కాగితం చీటీ ఉంటే అదీ ఊడిపోతుంది, దాంతోపాటు తేదీ చెప్పే ఆధారం పోతుంది.

దూదిపుల్లను నీళ్లలో తడిపి పిండి, ఎవరికీ కనబడని చోట ఒక్కసారి అద్దు. రుద్దకు తల్లీ, అద్దు. దూదికి రంగు అంటితే ఆ వాజుకు నీళ్లు చూపించకు, మెత్తటి పొడి బ్రష్షు చాలు. అంటకపోయినా గోరువెచ్చని నీళ్లే వాడు, వేడినీళ్లకు పాత గాజు చిట్లుతుంది. టబ్బు అడుగున తువ్వాలు పరుచు.

మన సముద్రపు తేమ ఊరికే పోదు. కొన్ని గాజుల్లోంచి క్షారం పైకొచ్చి చెమట పట్టినట్టు జిగటగా అవుతాయి, తర్వాత సన్నని పగుళ్లు వస్తాయి. తాకితే జిగురుగా ఉన్నది ఎంత చవకైనా కొనకు.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, సొంతంగా విదేశాలకు పంపకూడదు. బోర్డు కట్టే ముందే వకీలుతో మాట్లాడు. నీ మీద కేసు పడితే నేను తట్టుకోలేను.

మొదటి వాజు కొన్నాక కడక్కుండా నా దగ్గరికి తీసుకురా. న్యూస్‌పేపర్లో చుట్టకు, సిరా అంటుకుంటుంది. అత్తయ్య పాత నూలు చీరలు తీసి పెట్టింది, వచ్చి పట్టుకెళ్లు.

మీ మావయ్య