మెట్లు దిగేదెట్టా?

బుజ్జమ్మా,

వంకరటింకర బడి మీద పిల్లల కథలు రాస్తున్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఉద్యోగం మానేస్తావేమోనని ఆమె టెన్షన్. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సగం సంతోషం, సగం దిగులు. ఉద్యోగం మానొద్దు. రోజూ కాస్త రాయి. రాసింది పైకి చదువుకో. చివర్లో ‘కాబట్టి పిల్లలూ’ అని నీతి పెట్టావంటే మాత్రం ఊరుకోను.

అట్లాంటి బళ్లో నేను పనిచేశానమ్మా. 1977 నవంబరు తుఫాను తర్వాత తీరం పొడుగునా స్తంభాల మీద షెల్టర్లు కట్టారు కదా, ఉలవపాడు దగ్గర అట్లాంటి దాంట్లోనే మా మూడో తరగతి. పైన మేము, కింద మేకలు. హాజరు పిలిస్తే ముందు అవే పలికేవి. (అప్పుడది ప్రకాశం జిల్లా. 2022లో నెల్లూరులో కలిపారు. బడి కదల్లేదు, జిల్లా కదిలింది. దీన్ని మించిన వింత రాయి చూద్దాం!)

ఒక వానాకాలం పిలకాయలకు కథ మొదలుపెట్టా. ఆ బళ్లో మెట్లు ఎక్కడానికే, దిగడానికి పనికిరావు. నాలుగు రోజులు పడీపడీ నవ్వారు. ఐదో రోజు నా హీరోని పుల్లైసు కొనుక్కోను కిందికి పంపించా. ముందు వరసలో రిబ్బను కొస నములుతున్న పిల్ల లేచింది.

“అయ్యోరా, దిగను రాదంటిరే? వాడెట్టా దిగినాడు?”

“కథే కదా, కూర్చో” అన్నా.

కూర్చుంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మర్నాడు కథ చెప్పమని అడగనూ లేదు, వాళ్లే ఎక్కాల పుస్తకాలు తీశారు! మూడో తరగతి పిల్లలు అడక్కుండా ఎక్కాలు తీశారంటే నా పరువు ఎంత పోయిందో ఆలోచించు. బడి ఎంత వంకరగానైనా కట్టు తల్లీ, నువ్వు పెట్టిన రూలు నువ్వే తప్పావంటే వాళ్లు పట్టేస్తారు. నీదంతా మా నాన్న బద్ధకం, అందుకే ఇంత చెప్తున్నా.

జవాబు నాకు పదేళ్లకు తట్టింది. వెనక్కి తిరిగి నడిస్తే సరి, వాడు ఎక్కుతున్నాడనుకుని మెట్లు మోసపోతాయి. అప్పటికి ఆ పిల్ల ఎక్కడుందో. నువ్వు వాడుకో.

ఇంకోటి, నీ కథలో బడి మేడకు పిట్టగోడ పెట్టు. మా మెట్ల పక్క గోడ సగం కూలిపోయి ఉండేది, ఇంటర్వెల్ బెల్లు కొడితే నా గుండె అక్కడే ఉండేది. కథే కదా అనకు.

మీ మామయ్య